వ్యాకరణం కూడా ప్రయోగంలో భాగమే

రసాయన ప్రయోగశాలలో ప్రమాదాలకు కారణాలు అనేకం. పగిలిన గాజు, పాతబడిన ఈథర్, సరిగా బిగించని గొట్టం, నిద్రలేని రాత్రి: వీటన్నిటినీ గురించి మా గురువులు మమ్మల్ని హెచ్చరించారు. కాని ఆంగ్లభాషలోని అతి చిన్న పదం ఒకటి కూడా ప్రమాదానికి దారి తీయగలదని ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి నేను కెనడాకు వచ్చిన తొలి సంవత్సరాలలో స్వయంగా తెలుసుకున్నాను.

అప్పుడు నేను ఒక పరిశోధనశాలలో పని చేస్తున్నాను. టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ద్రావణి నుండి తేమను తొలగించి, మిగిలిన నీటిని కొలిచి, తోటివారి కోసం ఒక పుట నివేదిక వ్రాశాను. శుద్ధి చేసిన తరువాత కూడా ద్రావణిలో కొంచెం నీరు మిగిలి ఉన్నదని చెప్పడం నా ఉద్దేశం. నేను వ్రాసిన వాక్యం: ‘ఆఫ్టర్ డ్రయింగ్, ద సాల్వెంట్ కంటెయిన్స్ లిటిల్ వాటర్.’ ‘లిటిల్’ ముందు ఉండవలసిన ‘ఎ’ అక్కడ లేదు. ‘ఎ లిటిల్ వాటర్’ అంటే కొంచెం నీరు ఉన్నదని. ‘లిటిల్ వాటర్’ అంటే నీరు దాదాపు లేదని. ఒక్క అచ్చు జారిపోగా ఉన్నది లేనిదైపోయింది.

నా సహోద్యోగిని ఒకరు ఆ రోజు లిథియం అల్యూమినియం హైడ్రైడ్‌తో ప్రయోగానికి సిద్ధపడుతున్నారు. ఆ పదార్థం నీరు తగిలితే తీవ్రంగా చర్య జరిపి హైడ్రోజన్ వాయువును వెలువరిస్తుంది. పుట్టిన వేడికి అది అంటుకొనవచ్చు. నా నివేదిక చదివి ఆవిడ ఆ సీసానే ఎంచుకున్నారు. మూత తీయకముందు మాత్రం నా బల్ల దగ్గరకు వచ్చి, ‘అంకె ఎంత?’ అని అడిగారు. అంకె విన్న తరువాత ఏమీ అనకుండా సీసాను తిరిగి అరలో పెట్టారు. ఆవిడ అడిగి ఉండకపోతే ఏమయ్యేదో ఊహించడం నాకు నేటికీ ఇష్టం ఉండదు. అంకె వ్రాయకపోవడం నా మొదటి తప్పు. ‘ఎ’ వ్రాయకపోవడం రెండవ తప్పు. రెండూ శాస్త్రదోషాలే అని నేను ఆనాటి నుండి నమ్ముతున్నాను.

మన విద్యావంతులలో ఈ విషయమై రెండు అభిప్రాయాలు తరచుగా వినవస్తున్నాయి. ‘విషయం సరిగా ఉంటే చాలు, భాషదేముంది?’ అన్నది మొదటిది. ‘ఇప్పుడు కంప్యూటరే దిద్దిపెడుతుంది కదా!’ అన్నది రెండవది. ఈ రెండింటితోనూ నేను విభేదిస్తున్నాను. శాస్త్రరచనలో వ్యాకరణం విషయానికి పైన వేసిన రంగు కాదు; అది విషయంలో అంతర్భాగం. కాబట్టి దానిని సవరించే భారం కూడా, ఎవరి సహాయం తీసుకున్నా, చివరకు ప్రయోగం చేసినవారిదే.

మన జాతికి గర్వకారణమైన ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని స్మరించుకుందాం. ఫిస్కేతో కలిసి ఆయన రూపొందించిన భాస్వరాన్ని కొలిచే పద్ధతి 1925లో ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’లో వెలువడింది. ఆ పద్ధతి, దాని సవరణ రూపాలు దశాబ్దాల తరబడి ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి. వారిని ఎన్నడూ చూడనివారు, వారితో ఎన్నడూ మాట్లాడనివారు, కేవలం ముద్రిత వాక్యాలను చదివి అదే పని చేయగలిగారు. పరిశోధన పత్రానికి పరమార్థం అదే. చదివినవాడు చేయగలగాలి. అతడు మన బల్ల దగ్గరకు వచ్చి అంకె అడిగే అవకాశం ఉండదు.

ఇక్కడ న్యాయంగా మరొక మాట చెప్పాలి. ఆంగ్లం మాతృభాష కానివారి మీద ఈ భారం సమానంగా పడడం లేదు. 2023లో ‘ప్లాస్ బయాలజీ’ పత్రికలో ఒక అధ్యయనం వెలువడింది. ఎనిమిది దేశాలకు చెందిన 908 మంది పర్యావరణ శాస్త్ర పరిశోధకులను ప్రశ్నించి దానిని వ్రాశారు. ఆంగ్లం కారణంగా పత్రం తిరస్కరణకు గురి కావడం, ఆంగ్లం మాతృభాష అయినవారితో పోల్చితే, ఇతరులకు సుమారు రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. ఆ ఎనిమిది దేశాలలో భారతదేశం లేదు. అయినా మనకు ఆ కష్టం అపరిచితం కాదు. దానిని ఒప్పుకోవడం ఒకటి, దాని పేరు చెప్పి ఊరకుండడం మరొకటి.

కిందటి శీతాకాలంలో మన ప్రాంతపు అమ్మాయి ఒకరు, ఇక్కడి విశ్వవిద్యాలయంలో డాక్టరేటుకు పరిశోధన చేస్తున్నవారు, మా ఇంటికి వచ్చారు. చేతిలో పద్నాలుగు పుటల వ్యాసం, దానితోపాటు ఒక పత్రిక నుండి వచ్చిన లేఖ ఉన్నాయి. ‘సార్, నా కెమిస్ట్రీ తప్పని వాళ్లు అనలేదు. ఇంగ్లీషు బాగుచేసి పంపమన్నారు. ఏది బాగుచేయాలో మాత్రం చెప్పలేదు’ అన్నారు. కంటనీరు రాకుండా ఆపుకొంటున్నారని తెలుస్తూనే ఉన్నది. ‘ఆంగ్లం బాగుచేయండి’ అన్న ఒక్క వాక్యం సమీక్ష కాదని నా నిశ్చితాభిప్రాయం. రోగిని చూసి ‘ఆరోగ్యం బాగుచేసుకో’ అని పంపివేసే వైద్యునికి, అటువంటి సమీక్షకునికి భేదం లేదు.

మేమిద్దరం వంటింటి బల్ల మీద ఆ పుటలు పరచి కూర్చున్నాము. తప్పులను లెక్కించడం మాని వాటిని జాతులుగా విభజించాము. చూడగా చూడగా ఒక విషయం స్పష్టమైంది. అవి అజ్ఞానం వల్ల వచ్చినవి కావు. వాటిలో అధికభాగం చక్కని తెలుగు వ్యాకరణం నుండి నేరుగా దిగివచ్చినవే. ఆ జాతులను ఇక్కడ వివరిస్తాను. మన విద్యార్థులకు ఉపయోగపడవచ్చు.

మొదటిది ‘ఎ’, ‘ద’ అనే ఆర్టికల్స్. తెలుగులో ఇవి లేవు. కాని ఇవి చేసే పని మనకు తెలియనిది కాదు. ‘ఒక పరీక్షనాళికను తీసుకొని, ఆ నాళికలో ఆమ్లం పోయండి’ అని మనం సహజంగానే అంటాము. తొలిసారి వచ్చినప్పుడు ‘ఒక’, పరిచయమైన తరువాత ‘ఆ’. అందుచేత సవరించేటప్పుడు ప్రతి నామవాచకం దగ్గర ఆగి ‘ఏది?’ అని ప్రశ్నించుకోవాలి. పాఠకుడు జవాబు చెప్పగలిగితే ‘ద’. చెప్పలేకపోతే, అది లెక్కించదగిన ఏకవచనమైతే ‘ఎ’. ఈ ప్రశ్న అన్ని సందర్భాలనూ తీర్చదు. పదింట ఎనిమిదింటిని తీరుస్తుందని నా అనుభవం.

రెండవది వచనం. మనకు పరికరాలు, పరిశోధనలు, సమాచారాలు ఉన్నాయి. అందుకని ‘ఎక్విప్‌మెంట్స్’, ‘రీసెర్చెస్’, ‘ఇన్ఫర్మేషన్స్’ అని వ్రాస్తాము. ఆంగ్లంలో ఇవి సాధారణంగా బహువచనం తీసుకోవు. దీనికి మనమే సిగ్గుపడనక్కరలేదు. ఫ్రెంచిలో సమాచారానికి, పరికరానికి, పరిశోధనకు చక్కగా బహువచనాలు ఉన్నాయి. కాబట్టి క్విబెక్ నుండి వచ్చిన నా మిత్రులు కూడా ఇదే పొరపాటు చేస్తారు. రెండు అధికార భాషలున్న ఈ దేశంలో వ్యాకరణదోషం ఒక్క వలస వచ్చినవారి సొత్తే కాదు.

మూడవది కర్తకు, క్రియకు మధ్య పొత్తు. ‘ఉత్పన్నాల దిగుబడి తక్కువగా ఉన్నది’ అన్నప్పుడు ప్రధాన పదమైన ‘దిగుబడి’ క్రియ వైపే ఉంటుంది. ఆంగ్లంలో వరుస తారుమారై ‘ద యీల్డ్ ఆఫ్ ద ప్రొడక్ట్స్’ అవుతుంది. క్రియకు పక్కన ‘ప్రొడక్ట్స్’ వచ్చి కూర్చుంటుంది. దాని ప్రభావంలో పడి ‘వాస్’ వ్రాయవలసిన చోట ‘వర్’ వ్రాస్తాము. ఇందుకు మందు ఒకటే: ప్రతి వాక్యంలోనూ కర్త కింద ఒక గీత, క్రియ కింద ఒక గీత గీసి, మధ్యనున్నదంతా చేతితో కప్పి, ఆ రెండు పదాలను కలిపి చదవడం.

నాల్గవది కాలం. ‘ఈ పట్టిక చూపుతున్నది’ అన్న తెలుగు వాక్యం నిర్దుష్టం. దానిని యథాతథంగా దించితే ‘ఈజ్ షోయింగ్’ అవుతుంది. అక్కడ ‘షోస్’ కావాలి. ఇది చిన్న దోషమే. దీనికి ఆనుకొని ఉన్నది పెద్దది. ‘ద కాంపౌండ్ వాస్ స్టేబుల్’ అంటే మేము చూసినప్పుడు, ఆ పరిస్థితులలో, ఆ సమ్మేళనం స్థిరంగా ఉండిందని. ‘ఈజ్ స్టేబుల్’ అంటే అది స్థిరమైనదని ఒక సాధారణ సత్యం. మొదటిది సాక్ష్యం, రెండవది తీర్పు. రెండు వారాలు సీసాలో ఉంచి చూసినవారు ఏది వ్రాయవచ్చునో వ్యాకరణ గ్రంథం చెప్పదు. ప్రయోగాల నోటుపుస్తకమే చెప్పాలి.

ఐదవది అసమాపక క్రియ. ఇక్కడ మన భాష మనకు గొప్ప సహాయం చేస్తుంది. ‘వేడిచేసి’, ‘కడిగి’, ‘వడపోసి’ వంటి రూపాలను మన వ్యాకర్తలు క్త్వార్థకాలన్నారు. వీటికీ ప్రధాన క్రియకూ సాధారణంగా కర్త ఒక్కడే కావాలి. ‘ద్రావణాన్ని వేడిచేసి రంగు మారింది’ అంటే తెలుగు చెవికి వెంటనే గుచ్చుకుంటుంది; వేడిచేసినది రంగు కాదు కదా! ‘వేడిచేయగా రంగు మారింది’ అని దిద్దుకుంటాము. అదే తప్పు ఆంగ్లంలో ‘హీటింగ్ ద సొల్యూషన్, ద కలర్ చేంజ్డ్’ అని వ్రాస్తే మనకు వినిపించదు. ‘వెన్ ద సొల్యూషన్ వాస్ హీటెడ్, ఇట్స్ కలర్ చేంజ్డ్’ అంటే సరిపోతుంది. కాబట్టి అనుమానం కలిగినప్పుడు ఆ వాక్యాన్ని మనసులో తెలుగు చేసి చూడండి. ‘చేసి’ పొసగక ‘చేయగా’ కావలసి వస్తే, అక్కడ ఆంగ్ల వాక్యం కూడా చెడినదని అనుమానించవచ్చు. అమెరికన్ కెమికల్ సొసైటీ వారి శైలీ మార్గదర్శిని 2006 నాటి ముద్రణలో ‘బేస్డ్ ఆన్’ అనే పదబంధాన్ని గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది: అది నామవాచకానికి విశేషణంగా నిలవాలి, క్రియను విశేషించవలసిన చోట ‘ఆన్ ద బేసిస్ ఆఫ్’ వాడాలి. అదీ ఈ జాతి జాగ్రత్తే.

ఆరవదాని దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాము. ఆ అమ్మాయి వ్యాసంలో ‘ద శాంపుల్స్ విచ్ వర్ వాష్డ్ విత్ అసిటోన్ డిసాల్వ్డ్ కంప్లీట్లీ’ అన్న వాక్యం ఉన్నది. ‘విచ్’కు ముందు, ‘అసిటోన్’కు తరువాత కామా పెడితే నమూనాలన్నిటినీ కడిగారని, అన్నీ కరిగాయని అర్థం. కామాలు లేకపోతే కడిగినవి మాత్రమే కరిగాయని అర్థం. తెలుగులో ‘అసిటోన్‌తో కడిగిన నమూనాలు పూర్తిగా కరిగాయి’ అంటే రెండు అర్థాలకూ చోటు ఉన్నది; మన విశేషణ వాక్యం కామాను అడగదు. ‘ఏ అర్థం నీ ఉద్దేశమమ్మా?’ అని అడిగాను. ఆ అమ్మాయి జవాబు చెప్పబోయి ఆగిపోయారు. కొంతసేపటికి, ‘నోటుపుస్తకం చూడాలి సార్’ అన్నారు.

మరునాడు సాయంత్రం ఫోను చేశారు. నమూనాలు ఐదు. వాటిలో మూడింటినే అసిటోన్‌తో కడిగారు. మిగిలిన రెండు పాక్షికంగా మాత్రమే కరిగాయి. వాటిని కొలతలోని లోపంగా భావించి పట్టికలో చేర్చలేదు. అప్పటివరకు ఆ అమ్మాయి దృష్టిలో కడగడం కేవలం శుభ్రత. కామా పెట్టాలా వద్దా అన్న ప్రశ్న తరువాత అది ఒక పరిశీలించవలసిన కారణమైంది. మరికొన్ని నమూనాలతో ఆ ప్రయోగాన్ని తిరిగి చేశారు. వ్యాసం రెండు నెలలు ఆలస్యమైంది. ఐదు నమూనాలూ పట్టికలోకి వచ్చాయి. భాష దిద్దబోయి శాస్త్రాన్ని దిద్దుకోవడమంటే ఇదే.

ఈ అనుభవం నుండి సవరణకు ఒక క్రమం ఏర్పడింది. మొదటి పఠనంలో వ్యాకరణాన్ని ముట్టుకోకూడదు. ప్రతి పేరా ఏమి చెప్పుతున్నదో ఒక్క వాక్యంలో, కావలిస్తే తెలుగులోనే, అంచున వ్రాసుకోవాలి. వ్రాయలేకపోతే ఆ పేరాకు భాషాదోషం కాదు, భావదోషం ఉన్నదన్నమాట. రెండవ పఠనంలో కర్త, క్రియ. మూడవ పఠనంలో కాలం. నాల్గవ పఠనంలో నామవాచకాలు, ఆర్టికల్స్, వచనాలు. చివరకు మాత్రమే వర్ణక్రమం. సల్ఫర్‌ను ‘ఎఫ్’తో వ్రాయాలని 1990లో అంతర్జాతీయ రసాయన సమాఖ్య నిర్ణయించింది, పత్రిక కోరిన విధంగా దానిని ఒక్క నిమిషంలో మార్చుకోవచ్చు. చాలామంది ఈ చివరి మెట్టునే మొదటి మెట్టుగా ఎక్కి, అక్కడితో పని పూర్తయిందనుకుంటారు. ఒకేసారి అన్ని దోషాలనూ వెదికేవాడికి ఏదీ కనబడదు. ఒక్కొక్క పఠనానికి ఒక్కొక్క దోషమే లక్ష్యం కావాలి. దానికి తోడు, తాము తరచుగా చేసే తప్పుల పట్టిక ఒకటి ఉంచుకోవాలి. నా పట్టికలో మొదటి పంక్తి ఏమిటో పాఠకులు ఊహించగలరు.

ఇతరుల సహాయం తీసుకోవడంలో చిన్నతనం లేదు. 1935లో జర్మనీ విడిచి సస్కటూన్‌లోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయానికి చేరిన గెర్హార్డ్ హెర్జ్‌బెర్గ్ 1971లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు. పరమాణు వర్ణపటాల మీద ఆయన జర్మన్‌లో వ్రాసిన గ్రంథాన్ని ఆంగ్లంలోకి తెచ్చినవారు అదే విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రవేత్త జాన్ స్పింక్స్. అది 1937లో వెలువడింది. విషయం తెలిసిన మిత్రుడు భాషకు తోడు నిలిస్తే కలిగే ప్రయోజనానికి కెనడాలో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు. నేడు ఇక్కడి విశ్వవిద్యాలయాలలో వ్రాత సహాయ కేంద్రాలు ఉంటున్నాయి. సాధారణంగా వారు మన వ్యాసాన్ని దిద్ది ఇవ్వరు, దిద్దుకోవడం నేర్పుతారు. మనవారు కొందరు దీనిని లోపంగా భావించి వెళ్లడం మానుతున్నారు. నా దృష్టిలో అదే వారి గొప్పతనం.

యంత్రాల సంగతి చూద్దాం. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత వాక్యాలు నున్నగా చేయించుకోవడం సులభమైంది. నేను దానికి విరోధిని కాను. వచనాలను, క్రియల పొత్తును అది చక్కగా పట్టుకుంటుంది. ఆంగ్లం మాతృభాష కానివారికి కొంత సమత్వాన్ని ఇస్తున్నది. కాని నా పాత వాక్యాన్ని దానికి ఇచ్చామనుకోండి. ‘లిటిల్ వాటర్’, ‘ఎ లిటిల్ వాటర్’ రెండూ వ్యాకరణ సమ్మతాలే. ఏది నిజమో సీసాను కొలిచినవారికి తెలుసు, యంత్రానికి తెలియదు. కామా విషయంలోనూ అంతే. అది రెండింటిలో ఒకదానిని ధీమాగా ఎంచుకొనవచ్చు. వాక్యం అందంగా ఉండడం వల్ల మనం అడగడం మానివేస్తాము. ‘నోటుపుస్తకం చూడాలి’ అన్న మాట ఆ అమ్మాయి నోట వచ్చినది వాక్యం ఆమెను నిలదీయడం వల్లనే. ముందుగానే ఎవరో నున్నగా చేసి ఉంటే ఆ రెండు నమూనాలు పట్టిక బయటే ఉండిపోయేవి. యంత్రం బాధ్యత వహించలేదు కాబట్టి దానిని రచయితగా అంగీకరించబోమని ‘నేచర్’ పత్రిక 2023లోనే ప్రకటించింది. బాధ్యత మనదైనప్పుడు ప్రతి మార్పునూ ఎందుకని ప్రశ్నించి ఒప్పుకోవడమూ మన పనే. ప్రచురణ కాని ఫలితాలను బయటి యంత్రానికి అప్పగించే ముందు తమ సంస్థ నియమాలు చూసుకోవాలని వేరుగా చెప్పనక్కరలేదు.

చివరగా మన సంఘానికి ఒక విన్నపం. వారాంతాలలో మన పిల్లలకు తెలుగు నేర్పుతున్నాము. వారు ఆంగ్లపు వరుసలో తెలుగు మాట్లాడి ‘నేను వెళ్తాను స్కూలుకి’ అంటే నవ్వుకొని ఓర్పుతో దిద్దుతాము. ఆ ఓర్పులో కొంత కొత్తగా వచ్చిన విద్యార్థుల ఆంగ్లం మీద కూడా చూపిద్దాం. నెలకు ఒక ఆదివారం, ఒక గది, ఒక పొడవాటి బల్ల చాలు. పరిశోధన విద్యార్థులు తమ రచనలు తెస్తారు. మనలో వ్రాసి అలవాటున్నవారు, ఇక్కడే పుట్టి పెరిగి విశ్వవిద్యాలయానికి వెళ్తున్న మన యువతీయువకులు వారితో కూర్చుంటారు. తప్పు దిద్దడం కంటే ‘నీ ఉద్దేశం ఏమిటి?’ అని అడగడం వారి పని. ఇందుకు ప్రతిగా ఆ విద్యార్థులు మన పిల్లలకు ‘చేసి’కి, ‘చేయగా’కు గల భేదం చెప్పగలరు. తెలుగు వ్యాకరణం తెలిసినవారికి ఆంగ్ల వ్యాకరణం శత్రువు కాదని రెండు తరాలకూ తెలిసివస్తుంది.

ఆనాడు నా బల్ల దగ్గరకు వచ్చి అంకె అడిగిన సహోద్యోగిని నా ఆంగ్లాన్ని ఎగతాళి చేయలేదు, దిద్దనూ లేదు. ఒక్క ప్రశ్న అడిగారు. మన విద్యార్థులకు కావలసినది అటువంటి ప్రశ్న అడిగే మనుషులు. ముద్రణకు పోకముందు, సీసా మూత తీయకముందు, ఆ ప్రశ్న అడుగుదాం.